కష్టకాలమునకు కావలసిన ఆత్మీయ ధనము

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవముల సందర్భమున జరిగిన ప్రసంగ పాఠము)



డెబ్బదియైదు సంవత్సరములనగా ఒక పాఠశాలకు మూడు తరముల ఆయుస్సు. తాత చదివిన గదిలో తండ్రియు, తండ్రి చదివిన గదిలో కుమార్తెయు కూర్చుండి ఓనమాలు దిద్దుకొనుటకు చాలినంత కాలము. ఈ మూడు తరములవారును సుఖమును చూచిరి, దుఃఖమును చూచిరి. బ్రతుకుతెరువునకై ఆంధ్రదేశపు ఎల్లలు దాటి వచ్చి స్థిరపడిన కుటుంబములకు కష్టము క్రొత్తది కాదు. కోలారు బంగారు గనులు 2001వ సంవత్సరములో మూతపడినప్పుడు, తరతరములుగా గనిపనినే నమ్ముకొనిన తెలుగు, తమిళ కుటుంబములవారనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవలసివచ్చెను. ఇట్టి అనుభవము ఏదో ఒక రూపమున ప్రతి ఇంటికిని కలదు.

పాఠశాల లెక్కలు నేర్పును. కాని అప్పు తీర్చలేని రాత్రి నిద్రపట్టు విధమును లెక్కల పుస్తకము చెప్పదు. పాఠశాల శరీరశాస్త్రము నేర్పును. కాని వైద్యుడు పెదవి విరిచిన దినమున ఇంటికి తిరిగివచ్చి బిడ్డల ముఖము చూచు ధైర్యము ఆ పాఠములో లేదు. ఆ ధైర్యము మరియొక చోటినుండి రావలెను. క్రైస్తవునికి అది ఎక్కడ దొరకును? దానిని ఎప్పుడు కూర్చుకొనవలెను? నేటి ప్రసంగ విషయమిదియే. ఇది క్రైస్తవ విశ్వాసమును ఆధారము చేసికొని చెప్పు సంగతియే అయినను, ఇతర మతములకు చెందిన శ్రోతలు తమ పొరుగువాడు కష్టములో దేని నాశ్రయించునో తెలిసికొనుటకు ఉపకరించును.

విశ్వాసము కష్టమునకు మినహాయింపు కాదు

మొట్టమొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. దేవుని నమ్మినవాని ఇంటికి కష్టము రాదనియు, వచ్చినచో అతని విశ్వాసములో ఏదో లోపమున్నదనియు కొందరు తలంతురు. బైబిలులో ఈ తలంపునకు ఆధారము లేదు. ఎండయు వానయు మంచివారికిని చెడ్డవారికిని ఒక్క రీతిగానే కలుగునని యేసుక్రీస్తు కొండమీది ప్రసంగములో బోధించెను. అదే ప్రసంగము చివర చెప్పిన ఉపమానములో గాలివాన ఇసుకమీది ఇంటిని మాత్రమే కాక బండమీది ఇంటినికూడ కొట్టినది. భేదము వానలో లేదు, పునాదిలో ఉన్నది.

గెత్సేమనే తోటలో క్రీస్తు తన యెదుటనున్న శ్రమ తొలగిపోవలెనని మూడుమారులు ప్రార్థించెను. శ్రమ తొలగలేదు. దానిని భరించు బలము కలిగెను. అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లు పోవలెనని మూడుమారులు వేడుకొనెను. ఆ ముల్లు ఏ వ్యాధియో పండితులు నేటికిని తేల్చలేదు. అది పోలేదు. దానితోనే జీవించి పనిచేయుటకు చాలినంత కృప అతనికి దొరకెను. కాబట్టి ఆత్మీయ ధనమనగా కష్టమును రానీయకుండ అడ్డగించు తాయెత్తు కాదు. కష్టములో మనిషిని నిలువబెట్టి నడిపించు శక్తి.

ఈ భేదము తెలియక మంచివారుకూడ ఇతరులను నొప్పించుదురు. జబ్బుపడిన బిడ్డ ప్రక్కన కూర్చున్న తల్లితో, నీకు విశ్వాసము చాలలేదని చెప్పువారు ఆమె భారముమీద మరియొక భారము మోపుదురు. యోబు స్నేహితులు చేసిన తప్పు ఇదియే. ఆ గ్రంథము చివర దేవుని కోపము రగులుకొన్నది మొరపెట్టిన యోబుమీద కాదు, అతని కష్టమునకు కారణములు కల్పించి చెప్పిన స్నేహితులమీద.

నూనె, మన్నా

మత్తయి సువార్త 25వ అధ్యాయములో పదిమంది కన్యకల ఉపమానమున్నది. పదిమందికిని దివిటీలున్నవి. పదిమందియు పెండ్లికుమారునికై వేచియుండిరి. పదిమందియు కునికి నిద్రించిరి. పైకి చూచినచో వారిలో భేదమేమియు లేదు. అర్ధరాత్రి కేక వినబడినప్పుడు మాత్రమే ఎవరి సిద్దెలో నూనె ఉన్నదో, ఎవరి సిద్దె వట్టిదో తెలిసినది.

నూనె పంచియివ్వని ఐదుగురు స్వార్థపరులు కారా అని ఆదివారపు బడిలో పిల్లలు ప్రశ్నించుట కలదు. మంచి ప్రశ్నయే. బియ్యము అరువియ్యవచ్చును, డబ్బు చేబదులియ్యవచ్చును, రక్తముకూడ దానము చేయవచ్చును. కాని ఒకరి ఓర్పును మరియొకరు అరువు తెచ్చుకొనజాలరు. ముప్పది సంవత్సరములు ప్రార్థించిన తల్లి తన ప్రార్థనాభ్యాసమును ఒక్క రాత్రిలో కుమారునికి వీలునామా వ్రాసి ఇయ్యలేదు. అతడే దానిని నేర్చుకొనవలెను, అదియు అర్ధరాత్రికి ముందుగా.

నిర్గమకాండములోని మన్నా మరియొక పాఠము చెప్పుచున్నది. అరణ్యములో ఇశ్రాయేలీయులు దానిని ఏ దినమున కా దినము ఏరుకొనవలసియుండెను. విశ్రాంతిదినమునకు ముందటి దినమున తప్ప, మరునాటికి దాచుకొనినది పురుగుపట్టి కంపుకొట్టెను. నూనె ముందుగా కూర్చుకొనవలెను. మన్నా దినదినము ఏరుకొనవలెను. రెండింటి సారాంశమొక్కటియే: సామాన్య దినములలో చేయు చిన్న అభ్యాసమే అసామాన్య దినమున ఆదుకొనును. ఇల్లు మండుచుండగా బావి త్రవ్వుట ఎవరికిని సాధ్యము కాదు.

వాక్యము

ఈ ధనములో మొదటిది దేవుని వాక్యము. అరణ్యములో శోధింపబడినప్పుడు క్రీస్తు ముమ్మారును ద్వితీయోపదేశకాండములోని మాటలతోనే బదులు చెప్పెను. అక్కడ ఆయన చేతిలో గ్రంథపుచుట్ట ఉన్నట్లు సువార్తికులు చెప్పలేదు. ఆ మాటలు ఆయన హృదయములో ఉండెను. కష్టము వచ్చినప్పుడు పుస్తకము వెదకుటకు తీరిక ఉండదు. కంఠస్థమైనదే నోటికి వచ్చును. ఆసుపత్రి వరండాలో రాత్రంతయు కూర్చుండువానికి చిన్నప్పుడు నేర్చిన కంఠతవాక్యము దీపమగును.

ఆ వాక్యము తెలుగున లభించుటకు వెనుక ఎంతో శ్రమ ఉన్నది. 1726లో మద్రాసు చేరిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలును తెనిగించెను. ఆ అనువాదము అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్నము చేరిన లండను మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ ఆ పనిని మరల చేపట్టగా, ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడ్పడెను. ఆ తరువాత ఎందరో దానిని దిద్దిరి. ఒక తరము వ్రాసినది అచ్చుకాకపోయినను మరియొక తరము నిరాశపడలేదు.

ఇచ్చట తల్లిదండ్రులు ఒక కఠిన సత్యమును గుర్తింపవలెను. తెలుగుదేశమునకు వెలుపల పెరుగుచున్న బిడ్డలనేకులు ఇంటిలో తెలుగు మాటాడుదురు గాని తెలుగు చదువలేరు. అమ్మమ్మ బైబిలు అలమరలో ఉన్నది. అంచులలో ఆమె పెన్సిలుతో వ్రాసికొనిన తేదులు ఉన్నవి: బిడ్డ జ్వరపడిన దినము, కొలువు పోయిన దినము, ఆ దినమున ఆమెకు ఊరటనిచ్చిన వాక్యము. మనుమనికి అక్షరములు రానిచో ఆ గ్రంథము అతనికి తాళము వేసిన పెట్టెయే. దేవుడు ఏ భాషలోనైనను మాటాడును, సందేహము లేదు. ఏ భాషలోనైనను ప్రార్థింపవచ్చును. అయినను ఒక కుటుంబము ఏ మాటలతో కన్నీరు కార్చెనో ఆ మాటలు మరచిన బిడ్డ తన వాటా ఆస్తిని చూడకయే వదలుకొన్నవాడగును. తెలుగు పాఠశాల చేయు సేవ ఈ కోణమునుండి చూచినచో ఎంత విలువగలదో బోధపడును.

ప్రార్థన

రెండవది ప్రార్థన. ప్రార్థన అనగా అందమైన మాటలు కూర్చుట అని తలంచి, కష్టకాలమున మాటలు రాక చాలమంది మానివేయుదురు. కీర్తనల గ్రంథము తెరచి చూచినవానికి ఈ భయముండదు. అందలి 150 కీర్తనలలో ఎన్నియో మొరలే. ఎంతకాలము, ఎందుకు అను ప్రశ్నలు వాటిలో మరల మరల వినవచ్చును. దేవునితో వాదించుటయు, ఆయన మౌనమునుగూర్చి ఆయనకే ఫిర్యాదు చేయుటయు భక్తికి విరుద్ధము కాదని ఆ కీర్తనలు గ్రంథములో ఉండుటయే చెప్పుచున్నది. దేవుని వదలిపోవువాడు ఫిర్యాదు చేయడు. ఆయన వినుచున్నాడని నమ్మినవాడే చేయును.

ప్రార్థనకు ఫలము వెంటనే కనబడవలెనని నియమము లేదు. నెల్లూరులోని బాప్తిస్టు మిషను ఫలము చాలక మూతపడు స్థితికి వచ్చియుండెను. ఆ దినములలో, 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ యెక్కి ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. కొండ దిగివచ్చిన ఐదుగురికిని ఆ దినమున ఏమియు కనబడలేదు. జె. ఇ. క్లౌ ఒంగోలు చేరినది 1866లో. పండ్రెండు సంవత్సరములు గడచెను. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ అని పిలుతురు. ఆ పేరు కొండకు నిలిచినది ఫలము త్వరగా వచ్చినందుకు కాదు, ఆలస్యమైనను అడిగినందుకు.

కీర్తన

ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో పౌలును సీలయు దెబ్బలు తిని, కాళ్లు బొండలో బిగింపబడి, అర్ధరాత్రివేళ కీర్తనలు పాడిరి. తరువాత భూకంపము కలిగి తలుపులు తెరచుకొనెను. గమనింపవలసిన సంగతి ఏమనగా, పాట భూకంపమునకు ముందే వచ్చినది. విడుదల కలిగినందుకు పాడిన పాట కాదది. విడుదల లేని చీకటిలో పాడిన పాట. తక్కిన ఖైదీలు దానిని వినుచుండిరి. ఒకరు కష్టములో పాడునప్పుడు మరియొకరికి ధైర్యము కలుగుట అందరెరిగినదే.

తెలుగు క్రైస్తవులకు ఈ విషయమున గొప్ప ఆస్తియున్నది. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మము పొంది, బరంపురము, శ్రీకాకుళము ప్రాంతములలో సువార్త ప్రకటించుచు 1890లో పరమపదించెను. ఆయన పాశ్చాత్యుల రాగములకు తెలుగు మాటలు అతికించి ఊరకుండలేదు. తెలుగువారి చెవికి అలవాటైన రాగతాళములలోనే కీర్తనలు రచించెను. బాప్తిస్టులు, లూథరనులు మొదలగు భేదము లేకుండ తెలుగు సంఘములన్నియు వాటిని పాడుచున్నవి. ఒడిశా ఎల్లలలోని ఒక తెలుగు కవి పాట తెలుగుదేశమంతటికిని ఓదార్పైనది. ఎల్లల కవతలనున్న తెలుగువారు పుచ్చుకొనువారు మాత్రమే కారు, ఇచ్చువారుకూడ అని దీనివలన తేటపడుచున్నది.

సహవాసము

నూనె అరువు దొరకదని పైన చెప్పబడినది. అయితే మనిషిని మోయువారు దొరకుదురు. మార్కు సువార్త 2వ అధ్యాయములో నలుగురు మనుష్యులు పక్షవాయువుగల స్నేహితుని మంచముతో మోసికొనివచ్చి, గుంపువలన లోపలికి త్రోవ లేక, ఇంటికప్పు విప్పి దింపిరి. క్రీస్తు చూచినది వారి విశ్వాసమును. రోగి ఆ దినమున ఏమి నమ్మెనో గ్రంథకర్త చెప్పలేదు. ప్రార్థింపలేని దినములు ప్రతి విశ్వాసికిని వచ్చును. అట్టి దినమున మంచమునకు నాలుగు మూలల నలుగురు కావలెను. ఆ నలుగురే సంఘము.

మోయుటయనగా ఉపదేశించుట కాదు. యోబు స్నేహితులు చేసిన ఒక్క మంచిపని ఆరంభమున ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండుట. నోరు తెరచిన తరువాతనే వారు చెడగొట్టిరి. మరణము జరిగిన ఇంటికి అన్నము వండి పట్టుకొనిపోవువారు, పరీక్ష తప్పిన పిల్లవానిని నలుగురిలో మార్కులడుగక తమ ఇంటికి పిలిచి భోజనము పెట్టువారు, దీర్ఘరోగి భార్యకు ఒక్క రాత్రి విశ్రాంతినిచ్చి తాము కాపలా కూర్చుండువారు వేదాంతము చదువకున్నను మంచము మోయువారే.

1876-78 సంవత్సరముల మహాక్షామమున ఒంగోలు ప్రాంతమున జరిగినదికూడ చెప్పదగినది. ఆకలితో ప్రజలు రాలిపోవుచుండగా క్లౌ బకింగుహాము కాలువలో కొంత భాగమును త్రవ్వించు పనిని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. క్షామము సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను, అన్నము కొరకు ఎవరును మతము పుచ్చుకొనరాదని. క్షామము తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదిని, ఒక్క దినముననే 2,222 మంది గుండ్లకమ్మ నదియందు బాప్తిస్మము పొందిరి. ఆకలిగొన్నవానికి ముందు పని, కూలి, అన్నము. నమ్మకము అతని ఇష్టము. సహాయమును ఎరగా మార్చనప్పుడే సహవాసమునకు గౌరవము.

శరీరమును మరువరాదు

ఆత్మీయ బలమును గూర్చి మాటాడునప్పుడు శరీరమును తృణీకరించు ప్రమాదము కలదు. ప్రవక్తయైన ఏలీయా కర్మెలు పర్వతముమీద జయము పొందిన వెనువెంటనే ప్రాణభయముతో పారిపోయి, ఒక చెట్టుక్రింద పడి, చావు కోరుకొనెను. దేవుడు అతనిని గద్దింపలేదు, ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను. దూత లేపి రొట్టెయు నీరును ఇచ్చెను. మరల నిద్ర, మరల ఆహారము. మెల్లని స్వరము వినబడినది ఆ తరువాతనే.

మనోవ్యధతో కృంగినవానిని, విశ్వాసముంచుము, అంతా సరిపోవునని చెప్పి పంపివేయు పెద్దలు ఈ అధ్యాయమును మరల చదువవలెను. నిద్ర పట్టనివానికి, బ్రతుకుమీద విరక్తి కలిగినవానికి వైద్యుని సహాయము అవసరము. వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు. 1883లో గుంటూరు చేరిన వైద్యురాలు అన్నా కుగ్లర్ ప్రార్థనచేతనే సరిపెట్టుకొనక, 1898 నాటికి స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరచెను. ఆమె మందు సీసాయు ఆమె బైబిలును ఒకదానికొకటి శత్రువులు కావు. కౌమారములోనున్న బిడ్డలు మౌనముగా కుమిలిపోవుచున్నప్పుడు ఉపాధ్యాయులును తల్లిదండ్రులును ఈ సంగతి మరింత గుర్తుంచుకొనవలెను.

నిరీక్షణ

చివరిది నిరీక్షణ. రేపు అంతయు బాగుండునను ఊహ నిరీక్షణ కాదు. క్రీ.పూ. 587 ప్రాంతమున బబులోను సేనలు యెరూషలేమును ముట్టడించియుండెను. పట్టణము కూలిపోవునని ప్రకటించిన యిర్మీయా చెరసాల ప్రాంగణములో ఉండెను. అట్టి సమయమున అతడు తన పినతండ్రి కుమారుని యొద్ద అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండికి కొనెను. క్రయపత్రము వ్రాయించి, సాక్షులచేత సంతకము చేయించి, చాలకాలము చెడకుండునట్లు మంటికుండలో ఉంచుమని బారూకునకు అప్పగించెను. శత్రువుల వశములోనున్న నేలకు వెల చెల్లించుట లోకము దృష్టికి వెఱ్ఱితనము. ఆ దేశములో మరల ఇండ్లును పొలములును కొనబడునని దేవుడు పలికిన మాటమీద అతడు రొక్కము పెట్టెను. పట్టణము పడిపోయెను. మాట పడిపోలేదు. చెరనుండి ప్రజలు తిరిగివచ్చిరి.

క్రైస్తవ నిరీక్షణకు మూలము క్రీస్తు పునరుత్థానము. శుక్రవారమును దాటకుండ ఆదివారము రాలేదు. కాబట్టి ఈ నిరీక్షణ కన్నీటిని నిషేధింపదు. లాజరు సమాధియొద్ద క్రీస్తే కన్నీరు విడిచెను. దుఃఖపడుచునే పొలము కొనుట, విత్తుట, బిడ్డను బడికి పంపుట నిరీక్షణ యొక్క పని.

వాక్యము, ప్రార్థన, కీర్తన, సహవాసము, నిరీక్షణ అను ఈ ధనమును కూర్చుకొనుటకు గొప్ప విద్య అక్కరలేదు. రాత్రి భోజనమైన పిదప పావుగంట సమయము, బిడ్డచేత చదివించు ఒక భాగము, ఇంటిల్లిపాది కలసి పాడు ఒక కీర్తన, వారమునకొకమారు కష్టములోనున్న ఒక ఇంటికి పోయి కూర్చుండుట చాలును. ఈ అలవాట్లు సుఖముగానున్న దినములలో చిన్నవిగా కనబడును. కేక వినబడు అర్ధరాత్రి వాటి విలువ తెలియును.

డెబ్బదియైదు సంవత్సరములు తెలుగు అక్షరములను దిద్దించిన ఈ పాఠశాల అక్షరములతోపాటు అమ్మమ్మల బైబిళ్లకు తాళపుచెవులనుకూడ బిడ్డలకిచ్చినది. ఇచ్చట చదువుకొన్నవారు ఆ తాళపుచెవులను తమ పిల్లలకు అందింతురు గాక. గతించిన ఉపాధ్యాయుల సేవ ధన్యము. ప్రస్తుత ఉపాధ్యాయులకు ఆరోగ్యమును, విద్యార్థులకు ధైర్యమును, ప్రతి కుటుంబమునకు సమాధానమును దేవుడు అనుగ్రహించును గాక.